ఎవరి ముచ్చట వాళ్లదే

బొగ్గు రవాణా కాంట్రాక్టరు సదానందం పొగరు దించింది నేనే. అదీ ఒంటిచేత్తో. అదీ ఎడమచేత్తో, కుడిచేతిలో చాయ్ గ్లాసుంది మరి. కాలేజీ పిల్లలారా, నవ్వకండి. లారీ డ్రైవర్లూ, మీరు అసలే నవ్వకండి. ఈ సిద్దిరాములు చెప్పాడంటే అందులో సగమైనా నిజముంటుంది.

చెన్నూరు తోవలో ఉన్న ఆ సేటు ఆఫీసుకు నేను వాచ్‌మన్‌ని. లోపల కంప్యూటర్ల ముందు ఆడపిల్లలు. లారీ కాంటా దిగగానే డ్రైవరు తూకం చిట్టీని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలి, వీళ్లు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎవరి వాట్సాప్‌కు? ఆ పిల్లల సొంత వాట్సాప్‌కే! ఆఫీసుకొక ఫోన్ కొనడానికి సేటుకు చెయ్యి రాలేదు. "మీ ఫోన్లనే కంప్యూటర్‌కు కలుపుకోండ్రి" అన్నాడు. కలిపారు. దాంతో బొగ్గు చిట్టీల పక్కనే అత్తలతో పంచాయితీలు, చెల్లెళ్లతో పరాచికాలు అన్నీ అదే తెర మీదికి వచ్చి కూర్చున్నాయి.

పైగా మా వాళ్లకో అలవాటు. మధ్యాహ్నం డబ్బాలన్నీ ఒకచోట విప్పి, ఒకరి కూర ఒకరు వేసుకుని తింటారు. తినడానికి లేస్తూ తెర మూసిపెడితే పక్కనున్న దాన్ని దొంగ అన్నట్టేనని వాళ్ల లెక్క. అందరికీ ఒకటే పాస్‌వర్డు. కలిసి తినేవాళ్ల మధ్య తాళమేమిటి? నిజమే. కానీ సేటు ఏనాడూ వాళ్లతో బువ్వ తినలేదు గదా!

ఆ రోజు వాళ్లు తింటుంటే సదానందం పోయి ఆపరేటరు రోజారాణి కుర్చీలో కూర్చున్నాడు. గదినిండా డ్రైవర్లున్నారు. తెర మీదిది పైకి చదివాడు.

"'అక్కా, నేను మళ్ల నీళ్లోసుకున్న. ఎవలకు చెప్పకు.' ఓ రోజారాణీ, గిదా సంగతి! రేపు దవాఖానంటవు, ఎల్లుండి సెలవంటవు. నాకెందుకీ పరేషాన్? గీ నెలతోని కొలువు బందువెట్టు."

రోజారాణి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు ఆ పిల్లకు. ఈసారి నిలిచిందన్న నమ్మకం కుదిరాక ఇంటాయనకు తానే చెప్పాలనుకుంది. లక్సెట్టిపేటలో ఉన్న అక్కకొక్కదానికే రాసుకుంది. ఆ మాట ఇప్పుడు లారీలెక్కి ఊళ్లకు పోతోంది.

"అది నా ముచ్చట, సార్" అంది.

"కంప్యూటర్ నాది. కరెంటు నాది. అందుల కనవడేదంత నాదే."

ఆ సాయంత్రం గేటు దగ్గర అందరూ కూడారు. ఆపరేటర్లు, డ్రైవర్లు, కాంటా మీద కూలీలు. పాత డ్రైవరు అంతయ్య మొదలుపెట్టాడు.

"తప్పు మనదే. సొంత ముచ్చట్లు ఆఫీసుల ఎందుకు తెరువాలె?"

"తెరువుమన్నది ఎవలు, మామా?" బొగ్గుబాయి కార్మికుని బిడ్డ జ్యోతిరాణి లేచింది. "ఆయనే గద!"

"అయినా ఆఫీసు ఆయనది, బిడ్డా."

"టేబుల్ గూడ ఆయనదే. దాని మీద వెట్టిన నా డబ్బల కూర గూడ ఆయనదేనా?"

"మరి లారీ సేటుది" అన్నాడు బాలమల్లు, "అందుల కూసోని నేను పాడే పాట గూడ సేటుదేనా?"

"నీ పాట ఇనమంటే సేటే లారీ ఇడిసి ఉరుకుతడు తియ్యి" అన్నాను నేను. అంతయ్య కూడా నవ్వాడు. నవ్వినవాడు వచ్చి మా పక్కన నిలబడ్డాడు.

రోజారాణి మాత్రం నవ్వలేదు. "నన్ను జూసి అయ్యో అనకుండ్రి. ఎవల ఫోన్ వాళ్లు తెంపుకోండ్రి. ఆయన పని ఆయన ఫోన్ల చేసుకోనీ."

ఎలా తెంపాలో జ్యోతిరాణి చూపించింది. ఆడపిల్లలంతా ఫోన్లు తీసి, ఆ కంప్యూటర్లతో ఉన్న లంకె తెంపేశారు. లోపల తెరలన్నీ బోసిపోయాయి. "ఆపరేటర్ల సొంత నంబర్లకు ఇగ ఫోటో పంపం" అన్నారు డ్రైవర్లు.

తెల్లారేసరికి చిట్టీలు లేవు, కంప్యూటర్‌లో ఎక్కింపు లేదు. లారీల వరుస పెరిగి పెరిగి, దాని తోక గోదావరిలో నీళ్లు తాగింది. మూడే మాటలు అడిగారు: రోజారాణి కొలువు ఉండాలి, ఆఫీసు పనికి ఆఫీసు ఫోన్ ఉండాలి, చదివిన చోటే ఆ డ్రైవర్ల ముందే సేటు తప్పొప్పుకోవాలి.

"ఏ ముసలోడా, గేటు తియ్!" అని సదానందం కారులోంచి అరిచాడు.

ఇక్కడే నా ఎడమచేయి సంగతి చెప్పాలి. అది జేబులో తాళంచెవి కోసం వెతికింది. దాన్ని జ్యోతిరాణి ఎప్పుడో పట్టుకుపోయింది. అంతే నేను చేసిన విప్లవం. చాయ్ మాత్రం నిజంగానే తాగాను.

సేటు ఫోన్ చేస్తే ఎస్సై వచ్చాడు. సంగతంతా విన్నాడు. మెల్లగా పక్కకు జరిగి, తన ఫోన్ తీసి, స్టేషన్ కంప్యూటర్‌తో ఉన్న లంకె తెంపుకుని, "వీళ్లు చెప్పేది న్యాయమే" అని జీపెక్కి పోయాడు.

ఇదిగో, ఈ ఎస్సై ముచ్చట మాత్రం నేను కల్పించింది. మీరు నవ్వితే చూడాలని. అసలు ఎస్సై ఎవరి మాటా వినలేదు. జ్యోతిరాణినీ బాలమల్లునూ జీపులో వేసుకుపోయాడు.

జీపు వెనక మేమంతా నడిచాం. అంతయ్య అందరికంటే ముందు. స్టేషన్ వాకిట్లో రోజారాణి వాళ్లాయన సుధాకర్ నిలబడి ఉన్నాడు. మాట లారీలెక్కి అతని దాకా చేరింది. ఆ పిల్ల అతణ్ణి చూసింది. తర్వాత మెట్లెక్కి జనం వైపు తిరిగింది.

"మా ఇంటాయనకు నేను చెప్పవోయే మాటను సేటు గుంజుకున్నడు. గిప్పుడు మళ్ల నేనే చెప్తున్న, ఇనుండ్రి. నేను నీళ్లోసుకున్న. కొలువు ఇడువ. మావోళ్లను ఇడిసేదాక ఈడికెళ్లి కదల!"

సుధాకర్ వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత మేమంతా కూర్చున్నాం. ఇందులో ఒక్క మాట కూడా నాది కాదు. ఇంత మాట కల్పించే తెలివి నాకెక్కడిది?