ఎడమ తలుపు మీద సొట్ట

దుర్గా, మీ నాన్న టాక్సీ తీసుకుని వెళ్లిపోయాక ఇంట్లో మిగిలింది ఆ అట్టపెట్టె ఒక్కటే. అందులో మూరెడు పొడవు కారు బొమ్మ, ముక్కలు ముక్కలుగా. అచ్చం మన టాక్సీ లాంటి తెల్ల వ్యాగను. ఓడలో పనిచేసే స్నేహితుడెవరో తెచ్చి ఇస్తే, వాడు సగం బిగించి వదిలేశాడు.

బర్మాలో సైన్యం గద్దెనెక్కిన ఏడు అది. పిల్లలు వీధుల్లోకి వచ్చారు, వాళ్ల వెనకే తుపాకులూ వచ్చాయి. లైంగ్‌థార్యార్ పేటలో, ఏటి అవతల, బట్టల మిల్లుల దగ్గర కాల్పులు జరిగినప్పుడు మీ నాన్న కృష్ణకుమార్ నెంబరు పలకలు విప్పేసి, దెబ్బలు తగిలినవాళ్లను టాక్సీలో వేసుకుని ఆసుపత్రికి చేరవేశాడు. అంతే, మళ్లీ ఇంటికి రాలేదు. ఒక మిల్లు వెనక షెడ్డులో బండిని దాచి, తనూ అక్కడే ఉండిపోయాడు.

సైనికులకు తెలిసిందల్లా నెంబరు లేని తెల్ల వ్యాగను అని. రంగూన్‌లో కాకులెన్నో తెల్ల వ్యాగన్లు అన్ని. అదే మాకు రక్ష.

బయటికి పోయేది లేదు. నెట్టు ఆపేశారు, ఫోనులో బొమ్మలు రావు. మన లమ్మడా వీధిలో కొట్లన్నీ మూసి ఉన్నాయి. చేతులు ఊరుకోక ఆ బొమ్మ పట్టుకున్నాను. నా పాత లుంగీ చింపి సీట్లకు తొడుగులు కుట్టాను. చక్రాలను గచ్చు మీద రుద్ది అరగదీశాను. టీ డికాషన్‌లో ఇటుక పొడి కలిపి కింద తుప్పు పూశాను. డ్రైవరు తలుపు కింద మీ నాన్న కిళ్లీ ఉమ్మిన మరక కూడా దించాను. ఒక్కో మరకా పడుతుంటే వాడు మెట్లెక్కి వస్తున్నట్టే ఉండేది.

చివరికి చెంచా కాల్చి, వెనక తలుపు మీద నొక్కి సొట్ట పెట్టాను. మీ మామ్మ మంగాయమ్మ చూసింది.

“ఏటది? సొట్ట అటేపు కాదు.”

“ఎడమేపే. గ్యాసు బండ దొర్లి తగిలిన్నాడు మేడ మీంచి నాను సూసినాను.”

“నువ్వు మేడ మీంచి సూసినావు. నాను దసరాకి దసరాకి బండి సుట్టూ తిరిగి బొట్లెట్టినాను. బోనెట్టు కాడ మొదలెట్టి పెదచ్చినం సేత్తే ముందు డ్రైవరు తలుపు, దానెనకాలే సొట్ట. ఆ తరవాతే డిక్కీ. నా సెయ్యి మర్సిపోదు.”

“నీ సేతికి కళ్లున్నాయేటే?”

“నీ కళ్లకి జోడుంది కదా, ముందది తుడుసుకో దుర్గ తాతా!”

నువ్వు అన్నం తింటూ నవ్వావు. నాకు పంతం పెరిగింది. సొట్ట ఎడమ తలుపుకే ఉంచాను. నెంబరు పలకలు మాత్రం ఖాళీగా వదిలేశాను. అంతకన్నా జాగ్రత్త ఏముంటుంది అనుకున్నాను.

దసరా వచ్చింది. మిల్లులో పనిచేసే పిల్ల ఒకత్తి కృష్ణకుమార్ కబురు తెచ్చింది. షెడ్డు యజమాని భయపడుతున్నాడట. పండగ మర్నాడు పొద్దున్నే బండితో వంతెన దాటి, ఊళ్లోంచి పెగూ రోడ్డు ఎక్కేస్తాడట.

పండగనాడు మంగాయమ్మ కుట్టుమిషనుకూ కత్తిపీటకూ బొట్లు పెట్టింది. తర్వాత బొమ్మను తెచ్చి పీట మీద పెట్టింది.

“బండికి బొట్టు లేకుండా పండగేటి? ఇన్నేళ్లు మనకి కూడెట్టింది. అది లేకపోతే ఇదుంది.”

పసుపు రాసింది, కుంకం పెట్టింది. నిమ్మకాయలు మరీ పెద్దవని చక్రాల కింద ఉసిరికాయలు పెట్టింది. నేనూ దండం పెట్టాను.

మధ్యాహ్నం ఉ తాన్ లే వచ్చాడు, వెనక ఇద్దరు సైనికులతో. పుట్టి పెరిగింది మన కింది అంతస్తులోనే. సైన్యం వచ్చాక వార్డు పెద్ద అయ్యాడు. ఏ ఇంట్లో ఎవరు పడుకుంటున్నారో చూడటం అతని పని. బర్మావాడే గాని మన మాట బాగా వచ్చు. నన్ను వాళ్ల భాషలో తాతా అని పిలుస్తాడు.

“అఫో, పులిహోర వాసన మెట్ల కాడికే వొచ్చీసింది.”

మంగాయమ్మ ఆకులో పెట్టి ఇచ్చింది. నిలబడే తిన్నాడు. చెయ్యి కడుక్కుని బొమ్మను ఎత్తాడు. తలుపు తీసి వేశాడు. సొట్టను బొటనవేలితో తడిమాడు.

“పొద్దుపోక సేసినాను బాబూ. ఆడుకునే బొమ్మ,” అన్నాను.

“సిన్నప్పుడు ఈ వీదిలో అందరిళ్లల్లో ఈ పెసాదం తిన్నాను అఫో. కత్తెరకి బొట్టెట్టీవోరు. రిచ్చాకి ఎట్టీవోరు. కూడెట్టేదానికి ఎడతారు మీవోళ్లు. బొమ్మకి ఎట్టగా ఎప్పుడూ సూళ్లేదు.”

మంగాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

“మీ వోడి బండేదీ?”

“అమ్మీసినాం,” అన్నాను.

“అమ్మీసిన బండికి బొట్టా?” నవ్వాడు. “మా పిల్లోడికి సూపించి తెచ్చిత్తాను.”

బొమ్మను చంకలో పెట్టుకుని దిగిపోయాడు. ఉసిరికాయలు గచ్చు మీద దొర్లాయి.

ఫోను చెయ్యడానికి భయం. తెల్లారగానే బస్సెక్కాను. నువ్వు వద్దన్నావు. ముసలోణ్ణి ఎవడు పట్టించుకుంటాడే అన్నాను. వాడు వంతెన ఎక్కకముందే ఆపాలని నా ఆత్రం.

వంతెన దగ్గర అందర్నీ దింపేశారు. నడిచి దాటాలి. ఇసక బస్తాల పక్కన ఒక బల్ల, బల్ల మీద నా బొమ్మ. కుంకం కూడా చెరగలేదు. అవతలి ఒడ్డు నుంచి వచ్చే ప్రతి తెల్ల వ్యాగన్‌నూ ఆపుతున్నారు. ఒక సైనికుడు బొమ్మను చేత్తో పట్టుకుని ఎడమవైపు వెళ్తున్నాడు, వెనక తలుపు చూస్తున్నాడు, పొమ్మంటున్నాడు.

కాకుల గుంపులో మా కాకి ఏదో నేనే గుర్తు పెట్టి పంపాను.

ఆయాసం వచ్చినట్టు వంతెన కమ్మి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే ఒక లారీ వెనక వచ్చింది మన బండి. కొత్త పలకలు. మూతికి గుడ్డ కట్టుకున్నా, కిటికీ మీద మోచెయ్యి పెట్టిన తీరు మీ నాన్నదే. ముందు భాగమే కనిపిస్తోంది గాని పక్కలు కనిపించడం లేదు. అన్నాళ్లూ నా కళ్ల మీద ఎంత నమ్మకం నాకు! సింహాద్రి అప్పన్నా, మంగ మాటే నిజం చెయ్యి, నా కళ్లు తప్పు చూసి ఉండాలి అని మొక్కుకున్నాను.

సైనికుడు ఎడమవైపు వంగాడు. వెనక తలుపు మీద అరచెయ్యి పెట్టి తడిమాడు. పొమ్మని చెయ్యి ఊపాడు.

బండి కదిలి నా పక్కనుంచే వెళ్లింది. డ్రైవరు తలుపు వెనకాల, కుడివైపు, అరచెయ్యంత సొట్ట. మీ నాన్న నన్ను చూశాడు గాని తల తిప్పలేదు.

ఇంటికొచ్చి చెప్పాను. ఇంకో రోజైతే “సెప్పినానా!” అని వీధంతా వినిపించేది మంగాయమ్మ. ఆ రోజు ఒకటే అడిగింది. “బొమ్మ ఇంకా ఆళ్ల కాడే ఉందా?”

ఇవాళ మధ్యాహ్నం ఉ తాన్ లే బొమ్మతో మళ్లీ వచ్చాడు. ఈసారి ప్రసాదం అడగలేదు. బొమ్మను గచ్చు మీద పెట్టాడు.

“ఇలాంటి బండి దొరకలేదు అఫో. ఉన్నట్టు సేసినావా, తోసినట్టు సేసినావా?”

“ఉన్నట్టే సేసినాను. నా కళ్లు మర్సిపోవు.”

“ఔను బాబూ,” అంది మంగాయమ్మ. “ఆయన కళ్లు తప్పు సూడవు.”

ఈ మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. ఉ తాన్ లే ఆమెకేసి తిరిగాడు.

“ఏటేటా బండికి బొట్లెట్టింది నువ్వు కదా. ఎలాగ తిరిగేదానివో తిరిగి సూపించు.”

మంగాయమ్మ కూర్చుని బోనెట్టు మీద వేలు పెట్టింది. చుట్టూ జరిపింది. డ్రైవరు తలుపు. దాని వెనక తలుపు. డిక్కీ. తిరిగి ఎడమవైపుకు వచ్చి, నేను పెట్టిన సొట్ట మీద ఆగింది.

“ఇక్కడ,” అంది.

కుడి తలుపు దగ్గర ఆమె వేలు రెప్పపాటు తడబడింది. నేను చూశాను. అతను చూశాడో లేదో తెలియదు. బొమ్మను తీసుకుని, వస్తాను అఫో అని మెట్లు దిగాడు.

దిగుతున్న చెప్పుల చప్పుడు మధ్యలో ఆగిపోయింది.