తొమ్మిదో మెట్టు మీద చిట్టెమ్మ

రాజమండ్రి దానవాయిపేటలో ఫణిశ్రీ ఇంట్లో ఆరువందల పన్నెండు బొమ్మలూ, ఒక పిల్లా ఉన్నారు. బొమ్మలకి గాజు తలుపుల బీరువాలు, కర్పూరం బిళ్ళలు, ఏడాదికి రెండుసార్లు మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపడం, అమావాస్యకి దిష్టి తీయడం. పిల్లకి ట్యాబు.

పిల్ల పేరు హారతి. ఏడేళ్ళు, రెండో తరగతి. బడి తెరిచిన దగ్గర్నుంచి క్లాసులో నోరు విప్పలేదని స్కూలువాళ్ళు కబురు పెట్టారు. పాఠం చదవమంటే పుస్తకం వైపు చూస్తుందట, మళ్ళీ టీచర్ వైపు చూస్తుందట, అంతే. ఇంట్లో మాత్రం రెండు మాటలు మాట్లాడేది. ఒకటి "ఆకలి", రెండోది "ఛార్జర్".

ఫణిశ్రీ కంగారుపడింది. తల్లిగా కంగారుపడటంలో ఆవిడ ఎవరికీ తీసిపోదు. పిల్లల పెంపకం మీద ఫోన్లో వచ్చిన వీడియోలన్నీ ఒకచోట దాచింది. ఒక్కటీ చూడలేదు. సేకరించేవాళ్ళకి దాచడమే ముఖ్యం.

చివరికి పిల్లల మనస్తత్వం చూసే డాక్టర్ జగన్నాథరావుగారి దగ్గరికి తీసుకెళ్ళింది.

"పాప బొమ్మలతో ఆడుకుంటుందా అమ్మా?" అన్నారాయన.

ఫణిశ్రీ జాలిగా నవ్వింది. "మా ఇంట్లో ఆరువందల పన్నెండు ఉన్నాయండి."

"నేనడిగింది ఆడుకుంటుందా అని."

"అయ్యో, ముట్టుకోనిస్తానా అండీ!"

డాక్టరుగారు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "ఒక్క బొమ్మ ఇవ్వండి. జుట్టు పీకినా, కాలు విరిచినా మీరు ఒక్క మాట అనకూడదు. మనతో చెప్పనివి పిల్లలు బొమ్మతో చెబుతారు."

ఆ సలహాలో ఫణిశ్రీకి మొదటి రెండు మాటలే వినపడ్డాయి. ఒక్క బొమ్మ. డాక్టరే చెప్పాడు కాబట్టి అది ఇక మందు కిందే లెక్క. "అలాగేనండి. ఈ చెక్క ఏనుగు ఎక్కడ తీసుకున్నారండీ?" అంటూ బల్ల మీదున్నదాన్ని ఎత్తి పొట్ట కింద చూసింది.

ఆవిడ భర్త హరిబాబు కాలేజీలో లెక్కల లెక్చరరు. క్లాసులో వందమందిని ఒక్క చూపుతో కూర్చోబెడతాడు. ఇంట్లో తను కూర్చోవాలంటే మాత్రం సోఫాలో ముందే ఎవరైనా మహారాణి ఉందేమో తడిమి చూసుకుంటాడు. మందు కొనాలని భార్య చెప్పగానే కారు తీశాడు.

మొదట పెద్దాపురం వెళ్ళారు. మరిడమ్మ జాతర కొట్లలో తల ఊపే మట్టి బొమ్మ దొరికింది. హారతి వెనక సీట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అది తల ఊపితే తనూ ఊపుతూ కూర్చుంది. రంగంపేట దాటేసరికి ఫణిశ్రీ వెనక్కి తిరిగింది.

"ఏవండీ, దీని కళ్ళు చూశారా? ఈ కాటుక తీరు ఇప్పుడెవరికి వచ్చండీ?"

రాజానగరం వచ్చేసరికి బొమ్మ ముందు సీట్లోకి వచ్చింది. ఇంటికొచ్చేసరికి బీరువాలో ఉంది. ఆరువందల పదమూడు.

"నీకు ఇంకోటి కొంటాగా అమ్మా" అంది ఫణిశ్రీ. హారతి "ఛార్జర్" అంది.

ఆ ఇంకోటి రామచంద్రపురంలో దొరికింది. ఎవరిదో పాత ఇల్లు పడగొడుతున్నారని విని పలకరింపుకి వెళ్ళినట్టు వెళ్ళి, కాఫీ కప్పు కింద పెట్టకుండానే వాళ్ళ అటక మీది సామాను దింపించింది. లక్కపూత పూసిన చెక్క పాపాయి. పిల్లకే అనుకుంది. తీరా చూస్తే పాదం కింద చేసినవాడి పేరు చెక్కి ఉంది. పేరున్న బొమ్మని పిల్లకిస్తారా? ఆరువందల పద్నాలుగు.

వినాయకచవితి వెళ్ళాక, ఊళ్ళు ఖాళీ చేసేవాళ్ళు పాత సామాన్లు వదిలించుకుంటారని బొమ్మల వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు. "ఊరు మునగడం బాధేగానీ, మంచి మంచి చెక్క వస్తువులు బయటికొస్తాయండీ" అంది భర్తతో. పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళకి కట్టిన ఒక కాలనీకి కారు తిరిగింది. అక్కడ అరుగు మీద కూర్చున్న ముసలయ్యని పట్టుకుంది.

"పాత బొమ్మలా? ఇంటి తలుపులే తెచ్చుకోలేకపోయామండి."

"కొంచెం గుర్తు తెచ్చుకోండి. కంగారులో ఏదో మూటలో కట్టేసుంటారు."

ముసలయ్య ఆవిడ వైపు చూడలేదు. కారు అద్దంలోంచి తొంగి చూస్తున్న పిల్లని చూశాడు. లోపలికెళ్ళి, జానెడు చెక్క బొమ్మ తెచ్చాడు. రంగు లేదు. ముక్కు అరిగిపోయింది. ఎడమ చెయ్యి లేదు.

"మా మనవరాలు ఆడుకున్నదండి. అది పెళ్ళయి ఎల్లిపోయింది. పేరు చిట్టెమ్మండి. డబ్బులొద్దండి, పాపకియ్యండి, ఆయ్."

ఫణిశ్రీ తిప్పి చూసింది. బీరువాకి పనికిరాదు. "పోనీలే, పిల్లకి పనికొస్తుంది" అని ఉదారంగా వెనక సీట్లోకి అందించింది. అలా డాక్టరుగారి మందు పొరపాటున పిల్లకి అందింది.

మూడు వారాలు హారతి ట్యాబు ఊసెత్తలేదు. మంచం కిందనుంచి మాటలు వినపడేవి. "టీచర్ అరిస్తే నాకు మాట లోపలే ఉండిపోతుందే చిట్టెమ్మా. నీకూ అంతేనా?" హరిబాబు అది విని, గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, వెళ్ళి భార్యకి చెప్పాడు.

"అవునా, మంచిదే" అంది ఫణిశ్రీ. "ఆ జరీ గుడ్డ ఇటివ్వండి. మెట్లకి సరిపోవట్లేదు."

దసరా వచ్చేసింది మరి. తొమ్మిది మెట్ల కొలువు. ఈ ఏడు మహిళామండలి పోటీ కూడా పెట్టింది, అంశం 'గోదావరి జీవనం'. ఫణిశ్రీ దగ్గర పడవ ఉంది, కొబ్బరిచెట్టుంది, వరికోతలున్నాయి. ముంపు లేదు. ఆ లోటుతో ఒక పూట అన్నం సహించలేదు. తర్వాత గుర్తొచ్చింది.

హారతి స్నానం చేసి వచ్చేసరికి చిట్టెమ్మ అందరికంటే కిందదైన తొమ్మిదో మెట్టు మీద ఉంది. పక్కన చీటీ: 'ముంపు గ్రామాల అరుదైన కళాఖండం'.

"అది చిట్టెమ్మ" అంది హారతి, చిన్నగా.

"పది రోజులేగా. తర్వాత బీరువాలో భద్రంగా ఉంటుంది. నీకు ఇంకోటి కొంటాను."

గుమ్మం పక్కన 'కొలువు నియమాలు' లామినేషన్ చేయించి తగిలించింది. బొమ్మల్ని ముట్టరాదు. బొమ్మలు అందేలా పిల్లల్ని ఎత్తుకోరాదు. ఇలా తొమ్మిది. నాలుగోది అందరికీ తెలిసిందే: పదో రోజు సాయంత్రం ఒక బొమ్మని పడుకోబెట్టాలి, దాంతో కొలువు ముగిసినట్టు, పడుకోబెట్టిన బొమ్మని మళ్ళీ దసరాదాకా లేపరాదు. దానికింద ఆవిడ ఎర్ర గీత కూడా గీయించింది.

ఆరో రోజు పేరంటానికి ఇరవైమంది వచ్చారు. మార్కులు వేయడానికి రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ సంపూర్ణమ్మగారు కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. ఫణిశ్రీ పై మెట్టునుంచి వివరిస్తూ, ఎనిమిదో మెట్టుకొచ్చింది. అప్పుడు హారతి కొత్త పరికిణీ పట్టుకుని మధ్యలోంచి నడిచొచ్చింది. తొమ్మిదో మెట్టు ముందు కూర్చుంది. చిట్టెమ్మని పడుకోబెట్టి, జేబురుమాలు కప్పి, జోకొట్టింది.

పేరంటాళ్ళు మెడలు చాచి చూశారు.

"ఏమ్మా ఫణిశ్రీ," అన్నారు సంపూర్ణమ్మగారు, "ఇవాళ ఆరో రోజేగా. అప్పుడే ముగించేశావేంటి?"

"పిల్లది, తెలీక చేసిందండీ" అంటూ ఫణిశ్రీ చెయ్యి చాపింది.

"లేపకు!"

ఆ గొంతు ఎవరిదో ఫణిశ్రీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. చాలా రోజులైంది విని.

"పడుకుంది. లేపకూడదు. నాలుగో నియమం." హారతి లేచి, గుమ్మం దగ్గరికెళ్ళి, బోర్డు మీద వేలు పెట్టి మొదటి నియమం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఒక్క ఒత్తూ వదల్లేదు. నాలుగోది రెండుసార్లు చదివింది. పేరంటాళ్ళలో పదహారుమంది ఫోన్లు తీసి రికార్డు చేశారు. హరిబాబు వంటింటి గుమ్మంలో సెనగల పళ్ళెంతో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ఫణిశ్రీ మాత్రం వాదనకి దిగింది. "రెండో మెట్టు మీద రంగనాథస్వామి మొదటి రోజునుంచీ పడుకునే ఉన్నాడు కదండీ! దాన్నిబట్టి చూస్తే..."

"ఆయన పడుకోవడానికే పుట్టాడమ్మా. ఈవిడని పడుకోబెట్టారు." సంపూర్ణమ్మగారు మార్కుల కాగితం మడిచేశారు. "ముగిసిన కొలువుకి మార్కులుండవు. మంగళహారతి ఇచ్చెయ్యి. సెనగలు ఇలా తెమ్మను."

మొదటి బహుమతి ఇన్నీసుపేటలో ముప్ఫై ఒక్క ప్లాస్టిక్ బొమ్మలు పెట్టిన ఆవిడకి వచ్చింది. ఆ మాట విన్నాక ఫణిశ్రీ ఆరువందల పద్నాలుగింటినీ బీరువాల్లో సర్దింది. చిట్టెమ్మ జోలికి పోలేదు. నియమం తనదే, ఎర్ర గీత తనదే, పదహారుమంది దగ్గర వీడియో ఉంది.

పండగ వెళ్ళాక మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు.

"ఎదురు మాట్లాడుతోందండీ" అంది ఫణిశ్రీ. "నలుగురిలో నా పరువు తీసింది."

"ఏమంది?"

"తొమ్మిది నియమాలూ చదివేసింది. ఇప్పుడు క్లాసులో కూడా చదువుతోందట."

డాక్టరుగారు పెన్ను మూత పెట్టేశారు. తర్వాత హారతి వైపు తిరిగి, "బొమ్మేదమ్మా?" అన్నారు.

హారతి స్కూలు బ్యాగు జిప్పు కొంచెం తీసి చూపించింది. "గట్టిగా మాట్లాడకండి. పడుకుంది. మళ్ళీ దసరాదాకా లేవదు."

"అలాగేనండి" అన్నారు డాక్టరుగారు గొంతు తగ్గించి.

ఫణిశ్రీ కూడా గొంతు తగ్గించింది. అప్పటికే చెక్క ఏనుగు ఆవిడ చేతిలో ఉంది.

"డాక్టరుగారూ, దీనికి జత ఉండాలండీ. రెండోది ఇంట్లో ఉందా?"