మెట్లు లేని బురుజు

టైలరమ్మ ఇంటి పైగదిలో పట్టపగలే దయ్యాలతో మంతనాలు నడుస్తున్నాయని పక్కింటి పిన్నిగారు ఇస్త్రీ ఆవిడతో అందట. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి కిటికీ తలుపులు మూసేస్తారట, కొవ్వొత్తి వెలిగిస్తారట, లోపల ఎవరో బావురుమంటారట. ఒక మగగొంతు "శవపేటిక మూత లేస్తోంది" అంటే, ఒక ఆడగొంతు "అయితే నేను దాని మీద కూర్చుంటా" అందట. ఈ చివరి ముక్క పిన్నిగారిదో, దారిలో ఇస్త్రీ ఆవిడ కలిపిందో చెప్పలేం. మడతలు తీయడం ఆవిడ పని, మాటలకు మడతలు పెట్టడం ఆవిడ సరదా.

"మీ మరిదిని ఓ కంట కనిపెట్టుకోండమ్మా," అంది ఇస్త్రీ ఆవిడ మూట దించుతూ. "పని మానేసి కూర్చున్న మగాడి బుర్రలో ఏం దూరుతుందో ఎవరికి తెలుసు?"

"దూరినదేదో కాస్త ఇల్లు ఊడ్చిపెడుతుందేమో అడుగు," అంది టైలరమ్మ, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

పైకి అలా అంది గానీ మాట లోపల గుచ్చుకుంది. మరిది తాపీ పనివాడు. వీధిలో అందరూ చిన్నమేస్త్రి అంటారు. వానలకు ముందు బడి పైఅంతస్తు గోడ కడుతుంటే పరంజా ఒక పక్కకి ఒరిగి కూలిపోయింది. కింద ఉన్నవాళ్ళు తప్పుకున్నారు, ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఇతనొక్కడూ గోడ నెత్తిన మిగిలిపోయాడు. తాళ్ళు తెచ్చి, పొడుగు నిచ్చెన తెచ్చి దించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఊరంతా కింద చేరి మెడలు పైకెత్తి చూసింది. గోడను వాటేసుకున్న చేతులు విడిపించడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. ఆ రోజు నుంచి తాపీ ముట్టలేదు. మెట్లయితే ఎక్కుతాడు, నిచ్చెన కనిపిస్తే ముఖం తిప్పుకుంటాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా వదినే స్టూలు ఎక్కాలి. అన్న లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి ఈ బరువంతా వదిన నెత్తినే పడింది.

నిన్న పెద్దమేస్త్రి గుమ్మంలోనే నిలబడి తేల్చి చెప్పేశాడు. "ఆగిపోయిన గోడ ఎల్లుండి సోమవారం మొదలుపెడుతున్నాం. పొద్దున్నే వచ్చాడా, వాడి చోటు వాడిదే. రాలేదా, ఇంకొకడితో మాట్లాడేసుకున్నాను. ఎన్నిసార్లని రమ్మంటానమ్మా? ఇక అడగను."

మరిది లోపలి నుంచి విన్నాడు. ఈ ఆదివారం పూట అన్నం కూడా తిన్నాననిపించి పైకి ఎక్కేశాడు.

టైలరమ్మ దారం తెంపి లేచింది. పైకి వెళ్ళడానికి సాకు కూడా దొరికింది. ఆమె గుండీల డబ్బాలో పెద్ద కోటు గుండీలు మాయమైపోతున్నాయి. డబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

తలుపు తోసి చూస్తే గదంతా మసక. గ్లాసులో కొవ్వొత్తి. నేల నిండా విప్పదీసి అతికించిన సిమెంటు సంచుల కాగితం, దాని మీద పెన్సిలుతో గీసిన పెద్ద కోట. ఫ్యాను కొక్కేనికి కరెంటు మనిషి దారంతో వేలాడదీసిన ఇత్తడి గుండు, గోడ నిలువు చూసుకునే పనిముట్టు, ఇప్పుడు ఆ కోటకి గంటయి కూర్చుంది. చుట్టూ కరెంటు మనిషి, మందుల షాపు అమ్మాయి, ఉద్యోగం విరమించిన టపా మాస్టారు. వాళ్ళ ముందు, వరసగా, ఆమె గుండీలు.

"దొంగలు దొరికారు," అంది టైలరమ్మ. "ఇటు తెండి నా గుండీలు."

"ఇది గుండీ కాదమ్మాయ్, ఇది నేను," అన్నాడు టపా మాస్టారు తెల్లగుండీ మీద చెయ్యి అడ్డంపెట్టి. "నేనిక్కడ వైద్యుణ్ణి. పోయిన వారం గబ్బిలాలు కరిచాయి. ఇంకా నీరసంగానే ఉంది."

"తనకి తాను వైద్యం చేసుకోలేడు, అదేం వైద్యుడో," అంది మందుల షాపు అమ్మాయి. శవపేటిక మీద కూర్చున్నది ఈ పిల్లే. ఇస్త్రీ ఆవిడ కలపలేదన్నమాట.

"ఇది ఆట, అక్కా," అన్నాడు కరెంటు మనిషి. "కోట మీ మరిదిది. ఏ గదిలో ఏముందో ఆయన చెప్తాడు. మేమేం చేస్తామో మేం చెప్తాం. అది అవుతుందో లేదో పాచిక చెప్తుంది."

"గెలిచేదెవరు?"

"గెలవడాల్లేవు. ప్రాణాలతో బయటపడితే చాలు."

"ఆ మాత్రం దానికి మేడెక్కాలా? అది నేను కింద రోజూ ఆడుతున్నాగా."

మరిది నవ్వలేదు. కొవ్వొత్తి వెలుగులో అతని ముఖం మరీ పీక్కుపోయినట్టుంది. టైలరమ్మ కోట మీదికి వంగింది. బట్ట కత్తిరించే ముందు అంచులు సరిచూసుకునే చూపు ఆమెది. కొలతలు అన్నీ ఉన్నాయి. గోడ ఎంత మందమో, వాన నీళ్ళు ఎటు పోవాలో, వంటింటి పొగ ఎక్కడినుంచి లేవాలో కూడా గీశాడు. దయ్యాల కొంపకి తూము ఎందుకని ఇంకెవరైనా అడుగుతారేమో గానీ, మేస్త్రి గీసిన కోటలో తూము లేకపోతే దయ్యం కూడా ఒప్పుకోదు. ఒక మూల గుండ్రటి బురుజు. దాని నెత్తిన నల్లటి కోటు గుండీ.

"ఆ ఏడ్చేది ఇదేనా?"

"అదే, అక్కా," అంది మందుల షాపు అమ్మాయి. "నెలలనుంచీ దాని దగ్గరికి పోలేకపోతున్నాం. రహస్యంగా తలుపుందేమోనని కింద ప్రతి రాయీ తట్టి చూశాం. తట్టినప్పుడల్లా గబ్బిలాలు."

"మెట్లేవీ?"

టైలరమ్మ వేలితో బురుజు చుట్టూ గీసింది. "కోటంతా మెట్లు గీశావు. నేలమాళిగకు కూడా ఉన్నాయి. దీనికేవయ్యా?"

"లేవు," అన్నాడు మరిది.

"లేవా!" అని లేచినంత పని చేశాడు కరెంటు మనిషి. "లేవని ముందే చెప్పొచ్చుగా గురూ! మోకాళ్ళు అరిగిపోయాయి అక్కడ."

"మీరు తలుపు ఉందా అని అడిగారు. మెట్లున్నాయా అని అడగలేదు."

"గియ్యడం మర్చిపోయావా?" అంది వదిన.

"మర్చిపోలేదు." అతను పెన్సిలు ముక్కను వేళ్ళ మధ్య దొర్లిస్తున్నాడు. "గీద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు."

టైలరమ్మ కాళ్ళు మడిచి వాళ్ళ పక్కనే కూర్చుంది. కింద మిషను మీద సగం కుట్టిన దిండు గలీబు ఎదురుచూస్తోంది, చూడనీ అనుకుంది.

"మరి ఇది కట్టిన మేస్త్రి ఎలా దిగాడు?"

పెన్సిలు ఆగింది. ఆ నల్లగుండీ వైపు చూస్తూ అన్నాడు: "దిగలేదు."

కొవ్వొత్తి చిటపటలాడింది. టపా మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ రాజో, రాజు చెల్లెలో అనుకుంటున్న దయ్యం ఎవరో ఆ గదిలో అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది. ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అయ్యో పాపం అని ఓదార్చడం టైలరమ్మకు చేతకాదు. చేతనైనా ఇతను ఓదార్చనివ్వడు. ఆమె డబ్బాలోంచి ఒక ఎర్ర గౌను గుండీ ఏరి బురుజు అడుగున పెట్టింది.

"ఇది నేను. నేనూ వస్తున్నా."

"నువ్వెవరివి అక్కా, కోటలో?"

"దర్జీనే. కోటలో బట్టలు చిరగవా ఏంటి?" మరిది వైపు తిరిగింది. "నువ్వే కదయ్యా అన్నం తింటూ చెప్పేవాడివి, పరంజా కర్ర నిలబడాలంటే గోడలో కన్నం వదలాలని. ఆ కన్నాలు ఎప్పుడు పూడుస్తారు?"

"పని అయ్యాక. పైనుంచి పరంజా విప్పుకుంటూ, ఒక్కొక్కటే పూడ్చుకుంటూ కిందికి వస్తాం."

"ఈయన కిందికి రాలేదుగా. మరి కన్నాలు ఎవరు పూడ్చారు?"

కోట మరిదిదే, గోడ అతనిదే, చెప్పిన సంగతీ అతనిదే. లేవు అనడానికి లేదు.

"ఉన్నాయి," అన్నాడు నెమ్మదిగా. "కింది నుంచి పైదాకా... ఉన్నాయి. నాచు పట్టి ఉంటాయి."

"కోట హాల్లో ఇనప బొమ్మల చేతుల్లో ఈటెలున్నాయి!" అని కేక పెట్టింది మందుల షాపు అమ్మాయి. "కన్నాల్లో ఈటెలు దూర్చి ఎక్కుదాం!"

"ఈటె సన్నం," అన్నాడు మరిది చప్పున. "మనిషి బరువు ఆగదు. రెండు కలిపి కట్టాలి."

"కట్టాం," అన్నాడు కరెంటు మనిషి.

"కట్టాం అంటే అయిపోయిందా? ఎలా కట్టారు? చూపించు." వదిన గుండీల డబ్బాలోంచి దారం లాగి రెండు పెన్సిళ్ళకు చుట్టాడు. "ఇలా కాదు, జారిపోతుంది. అడ్డంగా ఒక చుట్టు, మళ్ళీ కిందనుంచి... ఆఁ, ఇప్పుడు లాగు. బలంగా లాగవయ్యా, తినలేదా పొద్దున్న!"

అది దయ్యాల గొంతు కాదు. పనిలో ఉన్న మేస్త్రి గొంతు. టైలరమ్మ ఆ గొంతు విని వానాకాలం దాటిపోయింది. తల వంచుకుని గుండీల డబ్బా సర్దుతున్నట్టు నటించింది.

ఎక్కారు. టపా మాస్టారు నీరసం మీద, మందుల షాపు అమ్మాయి ఈటెలు అందించడానికి కిందే ఆగిపోయారు. కరెంటు మనిషి సగంలో పాచిక తిరగబడి ఈటె పట్టుకుని వేలాడుతూ ఉండిపోయాడు. "నన్ను పట్టించుకోకండి, నాకిది అలవాటే, స్తంభం మీద కూడా ఇంతే," అన్నాడు. చివరికి ఎర్రగుండీ ఒక్కటే బురుజు నెత్తికి చేరింది.

"పైన గాలి," అన్నాడు మరిది. "చెవుల్లో హోరు. మూలన ఒకడు గోడను వాటేసుకుని ఉన్నాడు. ముఖం రాళ్ళకు ఆనించుకున్నాడు. చేతుల్లో సున్నం ఎండిపోయింది."

"అన్నం తిన్నావా, నాయనా?" అంది టైలరమ్మ దయ్యాన్ని.

మందుల షాపు అమ్మాయి ఫక్కుమంది. మరిది పెదవి కూడా కదిలింది, కానీ దయ్యంగా జవాబు చెప్పాడు. "ఇక్కడికి రావడానికి నాకు భయం లేదు. ఎప్పుడూ లేదు. అందరూ ఎక్కడమంటే భయమనుకుంటున్నారు."

"మరి?"

"దిగడం. కిందికి చూస్తే కాలు నాది కాకుండా పోతుంది. కింద అందరూ చూస్తున్నారు. పిల్లలు కూడా."

"కిందికి చూడకు. నా తల చూడు. ముందు నేను దిగుతాను. ఒక్కో కాలు ఎక్కడ పెట్టాలో చెప్తాను. నీ పైన మిగిలిన ఒక్కో కన్నం నువ్వే పూడ్చుకుంటూ రా."

"పాచిక వెయ్యాలి."

"వెయ్యి."

అతను పాచిక పిడికిట్లో పట్టుకున్నాడు. వెయ్యలేదు. కిటికీ సందులోంచి ఒక సన్నటి వెలుగు గీత వచ్చి సిమెంటు కాగితం మీద, సరిగ్గా గోడ వెంట, పడింది. అతను పాచిక నేల మీద పెట్టేసి లేచాడు. కాసేపు అటూ ఇటూ చూసి, మూలనున్న స్టూలు లాగి, దాని మీదికి ఎక్కాడు. ఫ్యాను కొక్కెం నుంచి ఇత్తడి గుండు విప్పి దిగాడు. దారం దానికే చుట్టి, చొక్కా అంచుతో ఒకసారి తుడిచాడు. తలుపు వెనక తాపీ సంచీ దుమ్ముకొట్టుకుని వేలాడుతోంది. గుండు అందులో వేశాడు.

స్టూలు ఎక్కి దిగాడన్న సంగతి అందరూ చూశారు. అంటే ఎక్కడ మళ్ళీ భయం గుర్తొస్తుందోనని ఎవరూ పైకి అనలేదు.

"వదినా," అన్నాడు సంచీ తాడు బిగిస్తూ, అటు తిరిగే. "రేపు మళ్ళీ పైన ఇరుక్కుపోతే?"

"దించుతారు. మొన్న దించలేదూ?"