మొదటి బన్ను మాస్టరుది

నేను ఒక ఇడ్లీ రేకుని. ఇత్తడి ఒళ్ళు, నాలుగు గుంటలు, ఒక్కో గుంటకి ఏడేసి చిల్లులు. చిల్లుల సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో గొడవంతా వాటివల్లే వచ్చింది. బొమ్మల పెళ్ళికి వడ్డించేంత ఇడ్లీలు వేసే స్టీలు రేకుల జాతి కాదు నాది. నా గుంట మనిషి అరచేయంత ఉంటుంది. నా ఇడ్లీలు రెండు తిన్నాక మూడోది అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నరసరావుపేటలో ఒక కంచరి కొట్టులో పుట్టాను. నన్ను చేసినాయన పేరు గుర్తులేదు, ఆయన సుత్తి దెబ్బలు మాత్రం బాగా గుర్తున్నాయి. నాతోపాటు మరో ముగ్గురు అక్కచెల్లెళ్ళు. మా నలుగుర్నీ చిటిప్రోలు మాణిక్యాంబగారు కొన్నది. కొన్న పూటే బజార్లో పేర్లు కొట్టేవాడి ముందు పెట్టి, మా అంచుల మీద చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించింది. అరువుకు తీసుకెళ్ళిన మనుషులకు మతిమరుపు జాస్తి కదా, సామాను మీద పేరుంటే కాస్త జ్ఞాపకశక్తి వస్తుందని ఆవిడ నమ్మకం. అయినా ఒక చెల్లెలు ఎవరింటి పెళ్ళికో వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మిగతా ఇద్దర్నీ స్టీలు బకెట్లకు మార్చేశారు. ఆ వేళకు నేను ఆవకాయ జాడీ కింద పీటగా ఉన్నాను కాబట్టి ఎవరి కంటా పడలేదు. పనికిరాని చోట కూర్చున్నా ఒక్కోసారి మేలే జరుగుతుంది.

మాణిక్యాంబగారి కూతురు శేషారత్నం కాపురానికి వెళుతూ నన్ను తీసుకెళ్ళింది. కొన్నేళ్ళు బాగానే వండింది. తర్వాత స్టీలు రేకులొచ్చాయి, నేను అటకెక్కాను. ఇరవయ్యేళ్ళు అటక మీద బల్లులతో కాలక్షేపం చేశాను. వాటి కబుర్లు ఇక్కడ చెప్పను, మర్యాదగా ఉండవు.

రత్నం మొగుడు కోటయ్య బేకరీ మాస్టరు. ముప్పయ్యేళ్ళుగా ఒకటే బేకరీ, ఒకటే పొయ్యి. ఆయన బర్గర్ల కోసం కాలేజీ పిల్లలు సాయంత్రం నాలుగింటికి బారులు తీరతారట. లోపల పెట్టే కోడి ఖైమా బిళ్ళలో ఎండుమిరప కారం, పచ్చి కొత్తిమీర ఎంత పాళ్ళో ఆయనకే తెలుసు. ఆయనకొక నియమం. పొయ్యిలోంచి వాయి బయటికి రాగానే మొదటి బన్ను తీసి, బిళ్ళ పెట్టుకుని, తనే తింటాడు. "మొదటి బన్ను మాస్టరుది. మాస్టరు తినంది జనానికి ఎట్టా పెడతాం?" అంటాడు. రోజుకి రెండు వాయిలు, ముప్పయ్యేళ్ళు. లెక్క మీరే వేసుకోండి, షుగరు మాత్రం ఎప్పుడో వేసుకుంది.

దాని మీద రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. బన్ను ఎర్రబడిందో మాడిందో తెలియడం లేదు. రెండుసార్లు పళ్ళేలకి పళ్ళేలు నల్లగా దించాడు. యజమాని కుటుంబరావు మంచివాడు కాబట్టి కేకలెయ్యలేదు, "కళ్ళు బాగు చేయించుకో మాస్టరూ, అందాకా నీ పొయ్యి ఇంకొకరికి ఇవ్వను" అన్నాడు. కళ్ళ డాక్టరమ్మేమో షుగరు చీటీ చూసి తల అడ్డంగా ఊపింది. మూడు నెలల్లో షుగరు దిగితేనే ఆపరేషను, మైదా ముట్టడానికి వీల్లేదు అంది. బర్గరు తినాలనుంటే లోపలి బిళ్ళ తినండి, బన్ను వదిలెయ్యండి అని కూడా చెప్పిందట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కోటయ్య కంచం ముందు కూర్చుని, "గోడలు లేకుండా ఇంట్లో కాపరం ఉండమంటది ఆ తల్లి" అన్నాడు. అన్నం సగానికి తగ్గించాడు, మాత్రలు మింగాడు, పొద్దున్నే నడిచాడు. ఆ ఒక్క బన్ను దగ్గర మాత్రం మనిషి కదల్లేదు. పొయ్యి ముందు నిలబడి మొదటి బన్ను తినకపోతే తను మాస్టరే కాదన్నాడు. తింటే కళ్ళు రావు, కళ్ళు రాకపోతే పొయ్యే ఉండదు. రత్నానికి ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి తీరిక లేదు. మర్నాడే పనిలోకి దిగింది.

ముందు క్యాబేజీ ఆకులో బిళ్ళ చుట్టి పెట్టింది. కోటయ్య ఒక ముక్క కొరికి, "ఎదురింటి మేక ఎట్టుందే?" అని అడిగాడు. తర్వాత పెద్ద వంకాయని గుండ్రంగా కోసి, పెనం మీద కాల్చి, రెండు బిళ్ళల మధ్య పెట్టింది. రుచి బాగుందన్నాడు గానీ పట్టుకుంటే జారి చొక్కా మీద పడింది. "ఇది చేత్తో పట్టుకునేది కాదు, అన్నంలో కలుపుకునేది" అని తేల్చేశాడు.

మూడోసారి రత్నం అవిసె గింజలు వేయించి పొడి కొట్టింది. బాదం పొడి కాస్త, నాలుగు గుడ్లు, చెంచాడు పెరుగు, ఉప్పు. బేకింగ్ పౌడరు బేకరీ నుంచే తెచ్చింది, కోటయ్య చొక్కా జేబులోంచి తాళం చెవి తీసి. పిండి సిద్ధమైంది, కానీ స్టీలు రేకు గుంటలో పోస్తే బర్గరుకి కాదు, బొత్తానికి సరిపోతుంది. అప్పుడు ఆమె తలెత్తి అటక వైపు చూసింది. ఆ చూపు నేను జన్మలో మరిచిపోను. ఇరవయ్యేళ్ళకి నన్ను దించి, చింతపండు పెట్టి తోమి, నా గుంటలో అరచెయ్యి పెట్టి కొలిచింది. ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. అలాంటివి రెండు కలిపితే అచ్చం బన్ను ఆకారమే. ఇన్నేళ్ళూ నేను సగం సగం బన్నులు వేస్తున్నానని నాకే తెలియదు.

ఆ సంబరంలో తొందరపడింది. గుంటల నిండా పిండి పోసి, నన్ను పాత్రలోకి దించి మూత పెట్టేసింది. స్టీలు రేకులకి అలవాటు పడ్డ చెయ్యి కదా, నా చిల్లుల సంగతి మరిచిపోయింది. గుడ్డు పిండి బొటబొటా కిందికి కారిపోయింది. నాకు నోరుంటే కేకేసేదాన్ని. మూత తీసేసరికి నా గుంటలు ఖాళీ, అడుగున నీళ్ళలో గుడ్డు తెప్పలు తెప్పలుగా తేలుతోంది. రత్నం పీట మీద కూలబడింది.

వాసనకి కోటయ్య వంటింట్లోకి వచ్చాడు. కళ్ళు సరిగా కనిపించవు కాబట్టి చేత్తో నన్ను తడిమాడు. చిల్లులు తగిలాయి. పెద్దగా నవ్వాడు.

"గుడ్డ వెయ్యకుండా పోశావంటే! మీ అమ్మ తడిగుడ్డ పరిచి గదా పోసేది. మరిచావా?"

"మరిచాను. ఇంక నా వల్ల కాదండీ" అంది రత్నం.

కోటయ్య చెడిన వాయిని చూసి ఊరుకునే మనిషి కాదు. అది ఆయన జబ్బు, షుగరు కంటే పాతది. గిన్నెలో మిగిలిన పిండిలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. "పల్చగుంది. తెల్లసొన విడిగా గిలక్కొట్టు, నురగ రావాల. పౌడరు ఎక్కువేశావు, చేదు వచ్చిద్ది. నిమ్మరసం ఒక చుక్క పిండు. ఆ, పిండిని పది నిమిషాలు కదిలించమాక, అవిసె పొడి నీళ్ళు పీల్చుకోవాల."

"మరి ఇది బన్ను అయిద్దంటారా?"

"బన్నా? దీన్ని బన్ను అనమాక. మైదా లేందే బన్ను ఎట్టయిద్ది? ఏదో ఒకటి చేసుకో, సరిగ్గా చెయ్యమంటున్నా, అంతే."

పాత పంచె చింపి, తడిపి, నీళ్ళు పిండేసి, నా మీద పరిచారు. ఆ చల్లటి తడిగుడ్డ ఒంటికి తగిలేసరికి మాణిక్యాంబగారి వంటిల్లే గుర్తొచ్చింది. పావుగంటకి మూత తీస్తే నాలుగు గుంటల్లోనూ నాలుగు ఉబ్బులు. రత్నం వాటిని గుడ్డ నుంచి ఒలిచి, పెనం మీద వెన్న రాసి కాల్చి, పైన నువ్వులు అద్దింది. మధ్యలో ఖైమా బిళ్ళ, ఉల్లిపాయ చక్రం, పుదీనా పచ్చడి. కోటయ్య చేతికిచ్చింది. ఆయన ముందు బొటనవేలితో నొక్కాడు. పడిన సొట్ట మెల్లగా పైకి లేచింది. ముప్పయ్యేళ్ళుగా బన్నుకి ఆయన పెట్టే పరీక్ష అదే. కొరికాడు. నమిలాడు. రెండోది తీసుకున్నాడు. రత్నం మొహం తిప్పుకుని నవ్వుకుంది. నా ఇత్తడికి మెరుపొచ్చింది చింతపండు వల్లేనంటే నేనొప్పుకోను.

ఇక ఆ రోజునుంచి నాకు చేతినిండా పని. రోజూ మూడున్నరకి రత్నం వేడివేడిగా రెండు బర్గర్లు డబ్బాలో పెట్టుకుని బేకరీకి వెళ్ళేది. కోటయ్య బేకరీ బన్నులు బొటనవేలితో నొక్కి చూసి, రుచి చూసే పని కుటుంబరావుకి అప్పజెప్పాడు. కుటుంబరావు నెల తిరిగేసరికి బెల్టుకి కొత్త చిల్లు పొడిపించుకున్నాడు. ఎవరైనా "ఏంది మాస్టరూ, డబ్బాలో?" అంటే కోటయ్య, "మా ఇంట్లో చేసేదొకటిలే" అనేవాడు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని బన్ను అనలేదు. రత్నం పైకి నవ్వేసేది గానీ, గిన్నెలు కడిగేటప్పుడు నా మీద పీచు కాస్త గట్టిగా పడేది.

షుగరు దిగింది. మాత్రలూ నడకా కూడా పనిచేశాయి లెండి, గొప్పంతా నాదేనని చెప్పుకోవడానికి నేనేమన్నా మనిషినా? డాక్టరమ్మ ఒక కన్ను, నెల తర్వాత రెండో కన్ను చేసింది. నల్లద్దాలు తీసేసిన రోజు పొద్దున కోటయ్య వంటింట్లోకొచ్చి నన్ను వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. "చిటిప్రోలు మాణిక్యాంబ" అని చుక్కల్ని కూడబలుక్కుని చదివాడు. ఇంకేదన్నా రాసుందేమోనని నా వెనకా చూశాడు. ఏమీ లేదు. నన్ను సంచిలో వేసుకుని బజారుకి బయల్దేరాడు.

మళ్ళీ సుత్తి, మళ్ళీ ఉలి. నొప్పి పుట్టలేదని అబద్ధమాడను. ఒక్కో చుక్కకీ ఒళ్ళు ఝల్లుమంది. కోటయ్య పక్కనే నిలబడి, కొత్త కళ్ళతో ప్రతి అక్షరం సరిచూశాడు.

ఇంటికొచ్చి నన్ను రత్నం చేతిలో పెట్టాడు. అమ్మ పేరు కింద, కొత్త మెరుపుతో ఇలా ఉంది: "బన్ను మాస్టరు శేషారత్నం."

రత్నం చదివింది. మళ్ళీ చదివింది. వేలితో చుక్కల్ని తడిమింది. "బన్ను అని మీరే కొట్టించారా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇత్తడి మీద పడ్డాక ఇంక చెరగదు గదా, అందుకని బాగా ఆలోచించుకునే కొట్టించా" అన్నాడు కోటయ్య. ఆ మాట విన్నాక నా నొప్పంతా మాయమైంది. నా అంత సంతోషం ఆ వీధిలో ఏ సామానూ పడి ఉండదు.

ఆ సాయంత్రం తడిగుడ్డ పరిచారు, పిండి పోశారు, మూత పెట్టారు. వాయి దిగాక కోటయ్యే ఒలిచి, కాల్చి, బిళ్ళ పెట్టి, మొదటిది రత్నం ముందుకి చాపాడు. ఆమె అలవాటుగా, "ముందు మీరు తినండి" అంది.

"అదెట్టా కుదిరిద్ది? మొదటి బన్ను మాస్టరుది" అన్నాడు. "తిను."