పాత ఇంజన్లో ఆవిడ గొంతు

ఇంట్లో మనిషి మాట్లాడుతుంటే చేతిలో పని వంక చూస్తూ ‘ఊఁ’ కొట్టే రకం నువ్వు. కాదనకు. నిన్న కూడా అలాగే కొట్టావు. ‘విన్నానులే’ అన్నావు, ఏం విన్నావో చెప్పమంటే కోపం తెచ్చుకున్నావు. నీలాంటివాడే ఒక మెకానిక్ ఉండేవాడు. అతను తాగేవాడు కాదు, చెయ్యి చేసుకునేవాడు కాదు, పరాయి సొమ్ము ముట్టేవాడు కాదు. అందుకే అతని కథ నీకు చెప్తున్నాను. చెడ్డవాళ్ళ కథ చెప్తే, ఇది మనది కాదులే అని తప్పించుకుంటావు.

అతని షెడ్డు ఇంటిని ఆనుకునే ఉండేది. వంటగది వెనక తలుపు తీస్తే ఎదురుగా పనిబల్ల, గోడకి వరసగా పానాలు, మధ్యలో కారు. పొద్దున ఆరింటికల్లా కాఫీ కప్పు బల్లమీద పెట్టి, ఊళ్ళోవాళ్ళ బళ్ళు ముట్టుకోకముందే తన కారు బానెట్ ఎత్తేవాడు. అది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. టాపు లేనిది, ఎర్రది, వయసు నలభై దాటింది. పెళ్ళైన ఏడాది తుక్కులో పడున్నదాన్ని తెచ్చి, రెండేళ్ళు కూర్చుని బాగుచేశాడు. భార్య టార్చిలైటు పట్టుకుని నిలబడేది. నిలబడి మాట్లాడేది. అతని తల బానెట్ కింద, ఆమె మాట బానెట్ పైన. ఇరవై ఆరేళ్ళ కాపురం అలాగే నడిచింది.

అందులో ఇరవై రెండో ఏట ఆమె గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు గడ్డతోపాటు మాట కూడా తీసేశారు. ప్రాణం దక్కింది, అంతే చాలన్నారు. ఆమెకి చదవడం, రాయడం రావు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో రోజు, కాస్త గాలికి తిప్పుదామని అతను ఆమెని కారులో పక్క సీట్లో కూర్చోబెట్టి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆమె అలవాటు కొద్దీ పెదవులు కదిపింది.

“మెల్లిగా పోనివ్వండి, కుట్లు లాగుతున్నాయి” అన్న మాట వెనకాల సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చింది. ఆమె గొంతే.

అతను మెల్లిగా పోనిచ్చాడు.

అప్పట్నుంచి అదే పద్ధతి. ఇంజను తిరుగుతుండగా దానికి నాలుగడుగుల్లో ఆమె ఉంటే, ఏం చెప్పినా గొట్టంలోంచి వినపడేది. చలికాలం పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే మొదటి రెండు నిమిషాలు గొంతు బొంగురుగా ఉండేది. యాక్సిలరేటర్ తొక్కితే కేకలా ఉండేది. వీధిలోవాళ్ళు దీనికి ఇట్టే అలవాటు పడ్డారు. పాలవాడు గేటు దగ్గర నిలబడి, “కారొకసారి స్టార్ట్ చెయ్యండి సార్, అమ్మగారితో పనుంది” అనేవాడు. పక్కింటావిడ కుట్టుపని పట్టుకొచ్చి, కారు వెనక స్టూలేసుకుని కూర్చునేది. రెండు వీధుల అవతల కాపురముంటున్న కూతురు రోజూ సాయంత్రం వచ్చేది. ఈ ఇంజను గొడవ నాటికి ఆమె నాలుగో నెల గర్భిణి.

ఊరి బయట కొండరోడ్డు మీద ఏటా పాత కార్ల పందెం జరిగేది. అంతకుముందు ఏడు ఒక పళ్ళ డాక్టరు మూడో మలుపులో అతన్ని దాటిపోయాడు. దాటుతూ చెయ్యి ఊపాడు. ఓడినందుకు కాదు గాని, ఆ చెయ్యి ఊపినందుకు అతనికి కడుపు మండిపోయింది.

పాత సామాన్ల వ్యాపారి ఒకడున్నాడు. అందరూ నట్టు బాబాయ్ అనేవాళ్ళు. మళ్ళీ పందెం దగ్గరపడుతుండగా, గుద్దుకున్న కొత్త కారొకటి అతని దొడ్లోకి వచ్చింది. ముందుభాగం బాగానే ఉంది, ఇంజను అయిదేళ్ళది. అల్యూమినియం ఇంజను. పాతదాంట్లో సగం బరువు, రెండింతల బలం. మెకానిక్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

“ఏంట్రా అబ్బాయ్, పెళ్ళిచూపుల్లా చూస్తున్నావు?” అన్నాడు నట్టు బాబాయ్. “నీ పాత ఇంజను నాకిచ్చేసి ఇది పట్టుకుపో. పాతవాటికి ఇనప బలం ఉంటుంది, మిల్లులవాళ్ళు అడుగుతున్నారు.”

ఆ సాయంత్రం షెడ్డులో కారు స్టార్ట్ చేసి భార్యకి చెప్పాడు. చెప్పాడంటే అడిగాడనుకోకు. నిర్ణయించుకుని చెప్పాడు.

“తియ్యొద్దండీ” అంది ఆమె.

“నీకేం భయం? గొట్టం అదే ఉంచుతాగా. నీ మాట గొట్టంలోంచేగా వచ్చేది. గుర్తులేదూ, రెండేళ్ళ కిందట గొట్టానికి చిల్లు పడితే నీ గొంతు తుస్సుమంది. అతుకేశాను, బాగైంది.”

“గొట్టంలోంచి వస్తే గొట్టానిదైపోతుందా? నీళ్ళు కుళాయిలోంచి వస్తాయి. కుళాయిలో పుడతాయా?”

“మెకానిక్ నువ్వా నేనా?”

“మీరే. మెకానిక్ మీరే గాని, గొంతు నాదండీ. పోనీ ఒక్క పని చెయ్యండి. కొత్తది బిగించి, నేను మాట్లాడి చూసేదాకా పాతదాన్ని ఆ మూలన ఉంచండి. దానికి అన్నం పెట్టాలా, బట్టలు కొనాలా…”

అతను తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. ఆమె పెదవులు ఇంకా కదులుతున్నాయి. అతను చేతులు తుడుచుకుంటూ, “పెట్రోలు దండగ” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. పని మాత్రం గొప్పగా చేశాడు, ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. కొత్త ఇంజనుకి పాత గేర్‌బాక్సు అతకదు. మధ్యలో ఇనప పలక కోసి, బెజ్జాలు వెంట్రుకవాసి తేడా లేకుండా వేశాడు. ఇంజను కూర్చునే బిళ్ళలు కొత్తగా వెల్డింగ్ చేశాడు. కొత్త వైర్లు, కొత్త రేడియేటర్. అడుగుభాగం చట్రానికి తగులుతుంటే మూడుసార్లు దింపి, మూడుసార్లు ఎక్కించాడు. పాత గొట్టాన్ని మట్టుకు పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు కడిగి మళ్ళీ బిగించాడు. పాత ఇంజన్ని నట్టు బాబాయ్ మొదటిరోజే బండిలో వేసుకుపోయాడు. ఆమె వంటగది గుమ్మంలో నిలబడి చూసింది.

పదకొండో రోజున ఇంజను స్టార్ట్ చేశాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. ఎంత మెత్తగా తిరిగిందంటే, బల్లమీద కప్పు కూడా కదల్లేదు.

“ఊఁ, మాట్లాడు” అన్నాడు.

ఆమె పక్క సీట్లో కూర్చుని నోరు తెరిచింది. గొట్టంలోంచి వెచ్చటి గాలి వచ్చింది. ఆమె మళ్ళీ ఏదో అంది. గాలి వచ్చింది. కూతురు కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, చెవి గొట్టం దగ్గర పెట్టి, “అమ్మా, ఇంకోసారి” అంది. ఇంకోసారి కూడా గాలే.

“ట్యూనింగ్ కుదరలేదు” అన్నాడతను. మూడు రోజులు ట్యూనింగ్ చేశాడు. నాలుగో రోజు ఆమె ఎక్కమన్నా ఎక్కలేదు.

“నాన్నా, వెళ్ళి ఆ పాతది వెనక్కి తీసుకురండి” అంది కూతురు.

“తెస్తా. ఆదివారం పందెం ఉంది. అది కాగానే తెస్తా. ఇన్నాళ్ళాగింది, రెండ్రోజులు ఆగదా?”

పాత కారులో కొత్త ఇంజను పెట్టకూడదన్న నియమమేదీ ఆ పందెంలో లేదు. ఆదివారం కొండమీద మూడో మలుపులోనే పళ్ళ డాక్టర్ని దాటాడు. చెయ్యి ఊపాడు కూడా. గెలిచిన కప్పు పట్టుకుని ఇంటికొచ్చేసరికి తలుపులు దగ్గరగా వేసున్నాయి. పొయ్యి చల్లగా ఉంది. భార్య లేదు.

ఆమె పొద్దున్నే నట్టు బాబాయ్ దొడ్డికి నడిచి వెళ్ళింది. వేళ్ళతో ఇంజను ఆకారం గీసి చూపించింది. “అయ్యో తల్లీ, కోతమిల్లుకి పోయిందే” అన్నాడతను. ఏరు దాటి కోతమిల్లుకి వెళ్ళింది. గేటు దగ్గరికి రాగానే లోపల దుంగలు కోస్తున్న ఇంజను చప్పుడు గుర్తుపట్టి నోరు తెరిచింది. రంపపు రొదలోంచి, “అమ్మయ్య” అని వినపడింది. మిల్లు నడిపే ముసలావిడ రంపం ఆపి, కళ్ళజోడు మీదికి తోసుకుని, “రా చెల్లీ, కూర్చో. నీళ్ళు తాగు” అంది. రంపపు పొట్టు మీద పీట వేసింది.

నట్టు బాబాయ్‌ని అడిగి, సాయంత్రానికి మెకానిక్ అక్కడికి చేరాడు. ఇంజన్ని చూడగానే అలవాటుగా వంగి చేత్తో తడిమాడు. పక్కభాగంలో పగులుంది. వేలుగోరు పట్టేటంత సన్నం, జానెడు పొడుగు. నీళ్ళు చెమటలా కారుతున్నాయి. ఆ దెబ్బ ఎక్కడిదో అతనికి తెలుసు. ఇంజన్ని దింపిన రోజున పందెం తొందరలో గొలుసు సరిగ్గా బిగించలేదు. అడుగెత్తు నుంచి గచ్చుమీద పడింది. ఎలాగూ ఇచ్చేసేదేగా అని వంగి కూడా చూడలేదు.

“ఏమయ్యా, ఎన్నాళ్ళుంటుంది?” అంది ముసలావిడ.

అబద్ధం చెబుదామనుకున్నాడు. పనిలో అబద్ధం చెప్పే అలవాటు లేదు. “దుంగలు కోస్తే నెల. ఊరికే తిప్పుతూ రోజుకో గంట నడిపితే ఏడాది” అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, “ఇంటికి తీసుకుపోదాం పద. కారులో మళ్ళీ ఇదే పెడతా. ఆ కొత్తది ఏట్లో పారేస్తా” అన్నాడు.

ఆమె ఇంజను పక్కన కూర్చునుంది. మాట స్పష్టంగా వచ్చింది.

“కదిపితే పగులు పాకుతుంది. నాకు తెలుసు, మీకూ తెలుసు. నా మాటలు ఇక ఏడాది మట్టుకే ఉన్నాయండీ. మీకు చెప్పాల్సినవి ఇరవై ఆరేళ్ళు చెప్పాను. విన్నారో లేదో మీరు చూసుకోండి. మిగిలినవి నా కూతురికి కావాలి.”

అతనితో ఆమె అన్న చివరి మాటలు అవే.

ముసలావిడ రంపానికి వేరే మోటారు బిగించుకుంది. “దుంగలు కొయ్యడానికి ఏదైనా దొరుకుతుంది. ఇంత కబుర్లు చెప్పే మనిషి నాకు ముప్పై ఏళ్ళలో దొరకలేదు” అంది. మిల్లు వెనక గదిలో ఆమెకి మంచం వేసింది. రోజూ పొద్దున పదింటి నుంచి పదకొండింటి దాకా ఇంజను నడిచేది. కూతురు వచ్చి తల్లికి ఎదురుగా కూర్చునేది. ఆ గంటసేపు తల్లి ముఖంలోంచి చూపు తిప్పేది కాదు.

మరి ఆ పగిలిన ఇంజన్ని రోజూ నడిపించేదెవరు? ఆ ఊళ్ళో అది తెలిసిన చెయ్యి ఒక్కటే. అతను తొమ్మిదిన్నరకే వచ్చేవాడు. పగులుకి మందు పూసి, నీళ్ళు పోసి, చోక్ లాగి స్టార్ట్ చేసేవాడు. వేడెక్కకుండా పక్కనే నిలబడి తడిగుడ్డ అద్దేవాడు. మొదటి నెలల్లో ఏదో ఒకటి అడిగేవాడు. “కాళ్ళనొప్పులు తగ్గాయా?” “ఇంటి తాళం ఎక్కడ పెట్టావు?” ఆమె తల ఊపేది, లేదా చేత్తో చూపించేది. మాట ఖర్చుపెట్టేది కాదు. తర్వాత అడగడం మానేశాడు.

ఆ గంటలో ఆమె ఏమేం చెప్పిందో అన్నీ అతను విన్నాడు. నెలలు నిండేటప్పుడు ఏ పక్కకి తిరిగి పడుకోవాలో చెప్పింది. మనవరాలు పుట్టాక, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాకి కథ, నక్క కథ చెప్పింది. ఆరేళ్ళప్పుడు తను బడి ఎందుకు మానిందో చెప్పింది. అది అతనికి తెలీదు. పెళ్ళైన కొత్తలో ఒక బిడ్డ కడుపులోనే పోయినప్పుడు ఎన్నాళ్ళు ఏడ్చిందో చెప్పింది. ఆ రోజుల్లో తను గేర్‌బాక్సు విప్పుతున్నట్టు అతనికి గుర్తుంది. టార్చి పట్టుకున్న ఆమె చెయ్యి వణుకుతుంటే విసుక్కున్నట్టు కూడా గుర్తుంది. ఆమె ముసలావిడతో వంకాయ కూర గురించి గొడవ పడింది, నవ్వింది. అన్నీ విన్నాడు. ఒక్క మాట కూడా అతనిది కాదు.

అతను చాలా బాగా చూసుకున్నాడు. ఏడాదన్నది పధ్నాలుగు నెలలు నడిచింది.

ఆ రోజు వాన. రేకుల మీద చినుకులు పడుతుంటే ఆమె కూతురి వైపు వంగి చెప్తోంది. “నువ్వు పుట్టిన రోజు కూడా ఇలాగే వాన. మంత్రసాని బయటికొచ్చి ఆడపిల్ల అంది. అప్పుడు మీ నాన్న…”

పధ్నాలుగు నెలల్లో ఆ మిల్లులో ‘మీ నాన్న’ అన్న మాట రావడం అదే మొదటిసారి. అతను తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి ఆపి తల ఎత్తాడు. ఇంజన్లో టప్‌మని చప్పుడైంది. అది రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. నూనె, నీళ్ళు కలిసి నేలమీదికి కారాయి.

ముసలావిడ అతని వంక చూసింది. వంగి చూడాల్సిన పని లేదు గాని, వంగి చూశాడు. పానా కింద పెట్టి, “ఇక లేవదు” అన్నాడు. ఆ మాట చెప్పగలిగినవాడు కూడా అక్కడ అతనొక్కడే.

ఆమె ఆగలేదు. పెదవులు కదుపుతూ చెప్పాల్సింది చివరిదాకా చెప్పింది. కూతురు ఆ పెదవుల్నే చూస్తూ విని, కళ్ళు తుడుచుకుని, తల్లి చెయ్యి పట్టుకుంది.

అతనికి ఒక్క ముక్క అందలేదు.

“ఏమందమ్మా?” అన్నాడు కూతురితో. “నా గురించేగా. మంచో చెడో, ఏదైనా సరే చెప్పు. అప్పుడు నేను ఏం చేశానంది?”

కూతురు పాపని భుజాన వేసుకుని లేచింది.

“అమ్మ నాకు చెప్పింది నాన్నా” అంది. “మీక్కాదు.”

ఆ తర్వాత అతను పంతొమ్మిదేళ్ళు బతికాడు. ఆ వాక్యం చివర తన గురించి ఏముందో తెలియకుండానే పోయాడు.