నూట పన్నెండో పేజీలో నీటి లోతు

హరిబాబు ఆత్మకథలో నూట పన్నెండో పేజీ చదివి పెన్ను కింద పెట్టేశాను.

రాజమండ్రిలో నాకో పుస్తకాల షాపు ఉంది. ఏడేళ్ళుగా గ్రంథ సమితి బహుమతికి ముగ్గురు జడ్జీల్లో ఒకదాన్ని. కథలకీ నవలలకీ కాదు, నిజమని చెప్పుకుని అమ్మే పుస్తకాలకి. నిజాయితీకి యాభై మార్కులు, ఉపయోగానికి యాభై. ఈసారి ఆరు పుస్తకాలు మిగిలాయి. నెలరోజుల్లో షుగర్ పోగొడతానన్న డాక్టరు గారు అసలు డాక్టరే కాదు. అరటి సాగు పుస్తకాన్ని రావులపాలెంలో ఒక రైతుకి చూపిస్తే, ఇందులో చెప్పినట్టు నీళ్ళు పెడితే గెల వేయకముందే చెట్టు కుళ్ళిపోతుందన్నాడు. మూడు పుస్తకాలు జీవితంలో ఎలా గెలవాలో చెప్పాయి. రాసినవాళ్ళు ఎక్కడ గెలిచారో మాత్రం చెప్పలేదు.

ఆరోది ఒకప్పటి హీరో హరిబాబు రాసిన 'ఈదుకొచ్చిన జీవితం'. నూట పన్నెండో పేజీలో ఇలా ఉంది:

'ఆ రోజు మాఘ పౌర్ణమి. షూటింగ్ ముగించుకుని సాయంత్రం నాలుగింటికి పడవెక్కాం. గోదావరి వశిష్ఠ పాయ ఒక్కసారిగా పోటెత్తింది. పడవ నడిపే పోతురాజు మమ్మల్ని వదిలేసి అందరికంటే ముందు నీళ్ళలోకి దూకేశాడు. పదకొండు మందిని నేనొక్కడినే ఒడ్డుకి చేర్చాను.'

ఆ పోతురాజు ఆ ఉదయమే మా షాపుకి వచ్చాడు. పేపర్లో జడ్జీల పేర్లు చూసి కూతురు లక్ష్మీదుర్గ పంపిందట. అరవై దాటిన మనిషి. అంతర్వేది దగ్గర ఒక లంక రేవులో ముప్పై నాలుగేళ్ళుగా పడవ నడుపుతున్నాడు. లంక పిల్లలు ముప్పై మంది రోజూ అతని పడవ మీదే బడికి వెళ్తారు. ఈ పుస్తకం వచ్చాక తల్లిదండ్రుల్లో భయం మొదలైంది. పడవ నడిపేవాణ్ణి మార్చాలా వద్దా అని సోమవారం బడిలో మీటింగు. బహుమతి వచ్చిన పుస్తకాన్ని రెండు జిల్లాల్లో ప్రతి బడికీ పంచుతారు. బహుమతి సభ ఆదివారం.

"దూకావా లేదా?" అని అడిగాను.

"దూకానండి. పౌర్ణమినాడు నాలుగింటికి పోటేంటండి? పోటు పొద్దున్న తొమ్మిదింటికే అయిపోద్ది. నాలుగింటికి నీరంతా సముద్రంలోకి లాగేసుంటది. పడవ ఇసుక మేట ఎక్కేసింది. మేట ఎక్కితే ముందు దిగాల్సింది పడవోడేనండి. బరువు తగ్గాలి, పడవ నెట్టాలి. మా నాన్నా అలాగే దిగేవోడు. దిగకుండా కూర్చుంటేనే తప్పు."

"నీళ్ళెంత ఉన్నాయప్పుడు?"

"మోకాళ్ళ దాకా ఉంటాయండి."

అతను వెళ్ళాక ఫోన్లో పోటు వేళలు చూశాను. ఏ పౌర్ణమికి చూసినా అతను చెప్పిందే కరెక్టు. హరిబాబు పేరు మీద ఆ పుస్తకం రాసిపెట్టిన అప్పాజీకి ఫోన్ చేశాను. అతను కాస్త కూడా తడబడలేదు.

"జరిగింది జరిగినట్టు రాస్తే నాలుగు లైన్లు మేడమ్. పుస్తకానికో హైలైట్ ఉండాలి కదా. అయినా సార్ ముప్పై ఏళ్ళుగా ఇంటర్వ్యూల్లో ఇదే చెప్తున్నారు. ఆయన నమ్ముతున్నారు. ఇంక అబద్ధం ఎలా అవుతుంది?"

సమితి అధ్యక్షుడు మురళీకృష్ణ గారు రిటైర్డ్ లెక్చరర్. ఆయన ఇంటికి వెళ్ళి అరగంట వాదించాను. మార్కుల సగటు తీసేశారట, నేను వేసిన సున్నా కలిపినా హరిబాబే ముందున్నాడట, ఫ్లెక్సీలు కూడా ప్రింటయ్యాయట.

"ఆత్మకథ అంటే అనుభవం అండి హేమశ్రీ గారూ. అనుభవానికి కొలతేంటి?"

"నీళ్ళకి కొలత ఉంటుంది కదండీ."

ఆయన నవ్వి కాఫీ తాగమన్నారు. కాఫీ సగంలో ఉండగా గోడ మీది క్యాలెండర్ కనిపించింది. ఆదివారం పౌర్ణమి.

వెంటనే గొంతు మార్చాను. సభ ఎలాగూ రాజోల్లోనే కాబట్టి, దానికి ముందు నాలుగింటికి హీరో గారిని అదే రేవులో, అదే పడవ ఎక్కించి ఫొటోలు తీయిస్తే ఎలా ఉంటుందన్నాను. మురళీకృష్ణ గారు ఆ ఆలోచనకి మురిసిపోయారు. బడి హెడ్‌మిస్ట్రెస్ సత్యకుమారి గారిని నేనే ఫోన్ చేసి పిలిచాను. పోతురాజుకి మాత్రం ఒక్కటే చెప్పాను: రోజూ ఎలా నడుపుతావో అలాగే నడుపు.

ఆదివారం నాలుగింటికి పడవలో పదిమందిమి ఉన్నాం. అందులో సత్యకుమారి గారు, ఇద్దరు విలేకరులు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళజోడుతో హరిబాబు పడవ ముందు వైపు నిలబడ్డాడు. పాయ మధ్యకి వచ్చేసరికి అడుగున గరగరమని చప్పుడైంది. పడవ ఆగిపోయింది. పోతురాజు ఇంజిన్ ఆపాడు, పంచె ఎగ్గట్టాడు, ఎవరితోనూ మాట్లాడకుండా దూకాడు.

హరిబాబు పడవ అంచుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మళ్ళీ దిగిపోయాడేంటి?"

ఆ 'మళ్ళీ' అందరికీ వినిపించింది. అందరూ నీళ్ళవైపు చూశారు. పోతురాజు మోకాళ్ళ లోతులో నిలబడి, పడవకి భుజం ఆనించి నెడుతున్నాడు.

హరిబాబు కళ్ళజోడు తీశాడు. పక్కనే ఉన్న నాకూ, కింద పడవ నెడుతున్న పోతురాజుకీ మాత్రమే వినపడేలా అడిగాడు.

"ఇంతేనా లోతు?"

"అప్పుడూ ఇంతేనంటున్నారండి."

"నేను కళ్ళు మూసుకున్నానమ్మా. ఎవరో నన్ను ఎత్తుకెళ్ళి ఒడ్డున దించారు."

పోతురాజు తలెత్తకుండానే, "నేనేనండి," అన్నాడు.

పని అయిపోయిందనుకున్నాను. సాక్షులున్నారు, కెమెరాలున్నాయి, మనిషి తన నోటితోనే ఒప్పుకున్నాడు. రాజోలు వెళ్ళే దారంతా హరిబాబు కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సభలో నిజం చెప్పేస్తాడనే అనుకున్నాను.

ఆరున్నరకి శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. హరిబాబు మైకు అందుకుని ఒక్క క్షణం నావైపు చూశాడు. తర్వాత నూట పన్నెండో పేజీ చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి రక్షించింది పద్నాలుగు మందిని. చప్పట్లు ఆగలేదు. వెనక వరసలో పోతురాజు కూడా, పక్కవాళ్ళు చూస్తున్నారని కాబోలు, రెండుసార్లు చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పేపర్లో పడవ ఫొటో వేశారు. నీళ్ళు కనిపించకుండా నడుము పైకి కత్తిరించారు. మురళీకృష్ణ గారికి ఫోన్ చేసి వచ్చే ఏడాది నుంచి నన్ను తీసేయమన్నాను. నేను లేకపోతే ఎలా అని బతిమాలారు. నా సున్నా ఫైల్లో భద్రంగా ఉందని కూడా చెప్పారు.

రాత్రి సత్యకుమారి గారు ఫోన్ చేశారు. మీటింగులో ఆవిడ తన కళ్ళతో చూసింది చెప్పారట. పడవ పోతురాజుదే, పిల్లలు అతనితోనే వస్తారు. పుస్తకాల పార్సిల్ కూడా అప్పుడే దిగిందట, బీరువాలో పెట్టి తాళం వేశారట.

పోతురాజు ఎలా ఉన్నాడని అడిగాను.

"బాగానే ఉన్నాడండి. ఒక్కటే మారింది. ఇవాళ సాయంత్రం బడి వదిలాక పడవ మేట ఎక్కితే వెంటనే దిగలేదట. వెనక్కి తిరిగి, 'పిల్లలూ, నెట్టడానికి దిగుతున్నాను' అని రెండుసార్లు చెప్పి, వాళ్ళు సరేనన్నాక దిగాడట."

ముప్పై నాలుగేళ్ళుగా అతను ఎవరికీ చెప్పి దిగలేదు.