తుమ్ము మానిన కోడలు

చైత్రమాసారంభమున వేపపూవులు రాలుచుండ గుంటూరు సీమయందలి ఎర్రమిట్ట యను నూరిమీద ప్రాతఃకాలభానుడు తన లేయెండను పరచునప్పటికి కల్లములయందు ఆరబోసిన మిరపపండ్లు కుంకుమరాశులవలె వెలుగుచుండెను. నడివీధియందలి మూడు కారపుమరలును ఒక్కపెట్టున గర్జించుచు సూర్యకిరణములకు సైతము రక్తవర్ణము నాపాదించునట్టి సూక్ష్మధూళిని ఇంటింటికి పంచిపెట్టుచుండెను. సరిగా ఆ సమయముననే ఆ మరలలో పెద్దదానికి యజమానుడైన యలమందయ్యగారి యింటినుండి శుభవార్త వెలువడెను. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ కొంగు నడుమునకు బిగించి వీధిలోనికి వచ్చి "మా కోడలు తుమ్ము మానేసిందర్రా! గంటసేపు మర పక్కనే నిలబడి ఒక్క తుమ్ము తుమ్మలేదు!" అని యెలుగెత్తి చాటెను.

ఆ యూరివారికి తుమ్ము పరాయితనమునకు గుర్తు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన వధువు ఆ ఘాటునకు తాళజాలక కన్నీటితో కొన్ని వారములు గడపుటయు తుదకొకనాడు తుమ్ము దానంతట నిలిచిపోవుటయు ఆనాడు అత్తగారు ఇరుగుపొరుగులకు చక్కెర పంచుటయు అచ్చటి యాచారము. కోడలు హిమజ సముద్రతీరగ్రామమున పుట్టినది. కళాశాలలో చదివి పట్టము పొందినది. పెండ్లియై నలువదియైదు దినములు మాత్రమే గడచిన ఆ చిన్నది పట్టము చేతికి వచ్చిననాటికంటె మిన్నయైన సంతోషముతో చక్కెరపళ్ళెమును తానే పట్టుకొని గడపగడపకు తిరిగెను. మరయొద్ద కారపుబస్తాలు కుట్టు సైదమ్మ చిటికెడు చక్కెర నోట వేసికొని "ఇంకేం కోడలమ్మా, ఈ ఊరి ముక్కు వచ్చేసింది నీకు" అని పరిహసింపగా హిమజ తన ముక్కును తడిమి చూచుకొని పకపక నవ్వెను.

ఆ మధ్యాహ్నమే పంచాయతీ కార్యాలయమున సభ కూడెను. ధూళి ఊపిరితిత్తులకు చేటుగాన మరలను ఊరి వెలుపలికి తరలింపవలెనని కొందరు అర్జీ పెట్టియుండిరి. మరునాటి సాయంకాలములోగా ఇరుపక్షములవారును తమ మాటను వ్రాతమూలముగ నిచ్చినచో జిల్లా యధికారులకు పంపుదునని సర్పంచి తెలిపెను. యలమందయ్యగారు లేచి "మా నాన్న ఈ గాలే పీల్చి ఎనభై ఏడేళ్ళు బతికాడు. మా వీధిలోకి దోమ కూడా రాదు, తెలుసా?" అనెను. "దోమే ఉండలేని చోట మనుషులెట్టా ఉంటారయ్యా?" అని అర్జీదారులలో నొకడు ఎదురాడెను. దగ్గునకు సాక్ష్యముగా వారు సైదమ్మను నిలువబెట్టగా ఆమె "నా దగ్గు కారానిది కాదయ్యా, చుట్టది. చుట్ట మానేస్తే కారానిదని తేలుద్దేమోనని మానలేదు" అనెను. సభ గొల్లున నవ్వెను గాని నవ్వు సద్దుమణగిన పిమ్మట ఆ మాట ఏ పక్షమునకు బలమైనదో యెవ్వరికిని బోధపడలేదు.

అంతట యలమందయ్యగారు "మా కోడల్నే చూడండి. నెలన్నరకే ఈ గాలికి అలవాటు పడిపోయింది" అని సభలో కూర్చుండిన హిమజను లేచి నిలువుమనెను. ప్రభుత్వాసుపత్రి వైద్యురాలు షంషాదు బేగము ఆమెవంక చూచి మెల్లగా పలికెను. "తుమ్మంటే ముక్కు మొర పెట్టుకోవడం. మొర ఆగిందంటే బాధ పోయినట్టా, గొంతు పోయినట్టా? చూడకుండా నేనూ చెప్పలేను. వాసనలు తెలుస్తున్నాయామ్మా?"

"తెలుస్తున్నాయండీ" అని హిమజ తటాలున బదులు చెప్పెను. చెప్పి కూర్చుండిన పిదప తానన్నది నిజమో కాదో ఆమెకే సందేహము కలిగెను. ఉదయమున చక్కెర పంచినది మేలునకో కీడునకో తెలియక ఆమె మనస్సు డోలాయమానమయ్యెను.

సాయంసంధ్యవేళ పూలమ్మికడ నిత్యము కొను మల్లెలు లేకపోవుటచే హిమజ కనకాంబరముల దండను జడలో తురుముకొని పెరటి అరుగుపై కూర్చుండియుండెను. భర్త త్రికోటి మరనుండి వచ్చి చేతులు కడుగుకొని రోజువలెనే ఆమె జడపైకి వంగి కన్నులు మూసి దీర్ఘముగా ఊపిరి తీసి "అబ్బ! రోజూ కంటే ఇవాళ ఇంకా బాగుంది వాసన" అనెను.

"కనకాంబరాలకి వాసనెక్కడిదండీ?" అని హిమజ నవ్వెను. అతడు నవ్వలేదు. "అదేంటి, అదీ పువ్వేగా?" అని యడిగెను.

హిమజ వంటయింటిలోనికి పోయి కర్పూరమును కాఫీపొడిని ఇంగువడబ్బాను తెచ్చి భర్త కన్నులు తన అరచేత మూసి ఒకదాని తరువాత నొకటి ముక్కునకు చూపెను. కర్పూరమును అతడు సబ్బనెను. ఆమె నవ్వెను. కాఫీపొడిని అగరువత్తి యనెను. ఆమె కొంచెముగా నవ్వెను. ఇంగువను "గంధమా?" అని యడిగినప్పుడు ఆమె అతని కన్నులమీదినుండి చేయి తీసివేసెను.

"చిన్నప్పటి నుంచీ ఇంతే హిమా" అని త్రికోటి తలవంచుకొని చెప్పెను. "ఎవరేది ముక్కు దగ్గర పెట్టినా బాగుందంటే సంతోషిస్తారు. అదొక మర్యాద అనుకున్నా. చుట్టాలింట్లో కూర బాగుందన్నట్టు."

"మరి నలభై ఐదు రోజులూ నా మల్లెల్ని..."

"నువ్వు మురిసిపోతావని."

ఆ మాటకు మురియవలెనో ఏడ్వవలెనో హిమజకు తెలియలేదు. ఆమె ఇంగువడబ్బాను తన ముక్కుకడకు చేర్చుకొనెను. వాసన వచ్చెను. కాని అది ముక్కు తెచ్చి యిచ్చినదో చేతనున్నది ఇంగువ యని యెరిగిన మనస్సు కల్పించినదో ఎంత ప్రయత్నించినను తేల్చుకొనజాలకపోయెను. తన దేహమును గూర్చి తనకే సాక్ష్యము చాలనట్టి ఆ వింత యవస్థ ఆమె చదివిన యే గ్రంథమునను లేదు.

అంతలో యలమందయ్యగారు కాగితమును కలమును చేతబట్టుకొని పెరటిలోనికి వచ్చెను. "ఒరేయ్ కోటీ, చదువుకున్నవాడివి, నీ సంతకముంటే విలువ. మా ఇంట్లో ఎవ్వరికీ ఈ ధూళి వల్ల ఏ హానీ లేదు, అంతే రాశా. పెట్టు."

త్రికోటి కాగితమును చదివి తిరిగి ఇచ్చివేసెను. "లేదని నాకు తెలియదు నాన్నా."

"మీ తాత పెట్టిన మర రా అది! పాతికమంది దాని మీద బతుకుతున్నారు. మూసెయ్యమంటావా?"

"మూసెయ్యమనట్లా. ఉంచమనీ అనట్లా. నాకు వాసన తెలియదు నాన్నా, ఎప్పుడు పోయిందో తెలియదు, దేనివల్ల పోయిందో అంతకన్నా తెలియదు. తెలియనిదాని కింద సంతకం ఎట్టా పెట్టేది?"

వృద్ధుని ముఖము జేవురించెను. హిమజ లేచి నిలువబడి "మామయ్యగారూ, ఒక్కసారి కళ్ళు మూసుకుని ఇదేంటో చెప్పండి" అని ఇంగువడబ్బాను ఆయన చేతిలో నుంచెను. "ఏంటమ్మా ఈ పిల్లచేష్టలు" అని కసరుకొనుచునే ఆయన కన్నులు మూసికొనెను. ఒకమారు పీల్చెను. మరల పీల్చెను. వీధిలోని మరలు ఒక్కటొక్కటిగ నిలిచిపోయెను. మూడవమారు పీల్చునప్పుడు ఆయన పెదవులు కదలెను గాని వానినుండి యే పేరును వెలువడలేదు.

తుదకు ఆయన సంతకము లేని కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొనెను.

"రేపు పొద్దున్న మర తిప్పం. ఎనిమిదింటికి మనం నలుగురం డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాం. నా తెల్లచొక్కా తీసి ఉంచమని మీ అత్తయ్యకు చెప్పమ్మా" అని యలమందయ్యగారు మూసిన కన్నులు తెరువకయే పలికెను.